వాటా పెరిగిందన్న వార్త వెనుక ఉన్న కాగితం

సభకు నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడబోయేది షేర్లు కొనడం గురించి కాదు, అమ్మడం గురించి కాదు, ఒక కాగితాన్ని చదవడం గురించి. ఒక కంపెనీలో ఏదైనా బీమా సంస్థకో, మ్యూచువల్ ఫండ్‌కో, విదేశీ పెట్టుబడి నిధికో ఫలానా శాతం వాటా ఉందని చట్టం ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీకి దాఖలయ్యే వెల్లడి పత్రమే ఆ కాగితం. చాలా ఏళ్లపాటు కంపెనీల సెక్రటేరియల్ విభాగాలలో పనిచేస్తూ ఇటువంటి పత్రాలను అందుకున్నాను, సరిచూశాను, కొన్నింటిని స్వయంగా తయారుచేశాను. ఆ అనుభవంలో నాకు అర్థమైనది ఒక్కటే. చట్టం ఏ ప్రశ్న అడిగిందో ఆ ప్రశ్నకు మాత్రమే ఈ పత్రం జవాబు చెబుతుంది. చదివేవారికేమో తమ మనసులో ఉన్న మరో ప్రశ్నకు అది జవాబు చెప్పినట్టు తోస్తుంది.

తెనాలిలో ఉండే మా మేనమామగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద బీమా సంస్థ ఒక కంపెనీలో తన వాటాను 5 శాతం నుంచి 7 శాతానికి పెంచుకుందన్న వార్త ఉదయాన్నే చదివి, అంత పెద్ద సంస్థ ఇప్పుడే రెండు శాతం కొన్నదంటే లోపల ఏదో మంచి కబురు ఉండే ఉంటుందని నమ్మి, తన దాచుకున్న డబ్బులో కొంత అందులో పెట్టారు. నెల తరువాత నా దగ్గరకు వచ్చినప్పుడు అసలు పత్రాన్ని తెరిచి చూపించాను. కొనుగోళ్లు జరిగిన కాలం అని ఉన్న చోట దాదాపు పద్నాలుగు నెలల వ్యవధి కనిపించింది. అంటే ఆ సంస్థ ఏడాదికి పైగా కొంచెం కొంచెంగా కొంటూ వచ్చింది, మార్కెట్లో ధర తక్కువగా ఉన్న రోజుల్లో కూడా కొన్నది. ఆ లెక్క ఒక గీత దాటిన రోజున చట్టం ప్రకారం ఆ సంగతి చెప్పింది. వార్తలో అబద్ధం ఏమీ లేదు. అయితే మా మామయ్యగారు 'ఇప్పుడే కొన్నది' అని చదువుకున్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆ గీత ఏమిటో చూద్దాం. మన దేశంలో ఈ వెల్లడికి ఆధారం మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2011లో తెచ్చిన టేకోవర్ నిబంధనలు, అంటే కంపెనీలను చేజిక్కించుకోవడానికి సంబంధించిన నిబంధనలు. 1997 నాటి పాత నిబంధనల స్థానంలో, సి. అచ్యుతన్ అధ్యక్షతన పనిచేసిన సంఘం సిఫారసులను ఆధారం చేసుకుని, అవి 2011 అక్టోబరులో అమలులోకి వచ్చాయి. వాటిలోని 29వ నిబంధన ప్రకారం, ఒక వ్యక్తి గాని సంస్థ గాని తనతో కలిసి నడిచేవారి వాటాలతో కలుపుకొని ఒక లిస్టెడ్ కంపెనీలో 5 శాతానికి గాని అంతకు పైకి గాని చేరితే, రెండు పనిదినాలలో ఆ విషయాన్ని స్టాక్ ఎక్స్ఛేంజీలకూ ఆ కంపెనీకీ తెలియజేయాలి. ఒకసారి 5 శాతం చేరినవారు ఆ తరువాత కొన్న ప్రతిసారీ చెప్పనక్కరలేదు. చివరిసారి చెప్పిన లెక్కకూ ఇప్పటి లెక్కకూ మధ్య తేడా 2 శాతం మించినప్పుడే మళ్లీ చెప్పాలి. పెద్ద సంస్థల పత్రాలలో మార్పు 2.01 శాతమనో 2.04 శాతమనో ఉండడం మీరు గమనించే ఉంటారు. కారణం ఇదే. ఆ అంకె సంస్థ మనసులోని నిర్ణయానికి కొలత కాదు, నిబంధనలోని గీతకు కొలత.

ఇదే లెక్కను కిందికి దిగే దారిలో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. పది కోట్ల షేర్లున్న ఒక కంపెనీని ఊహించుకుందాం. ఒక సంస్థ 51 లక్షల షేర్లు కూడబెట్టి, 5.1 శాతం అని పత్రం దాఖలు చేసింది. ఆ మరుసటి వారం నుంచి అది అమ్మడం మొదలుపెట్టి 32 లక్షల షేర్ల దాకా తగ్గించుకున్నా, తేడా 1.9 శాతమే కనుక ఈ నిబంధన కింద మరో పత్రం పెట్టవలసిన అవసరం రాదు. మన చేతిలో ఉన్న చివరి కాగితం మాత్రం 5.1 శాతం అనే చెబుతూ ఉంటుంది. ఆ కాగితాన్ని చూసి 'ఆ సంస్థ ఇందులో ఉంది కదా' అని ధైర్యం తెచ్చుకునేవారికి, దానిని దాఖలు చేసిన తేదీ ఒకటనీ, తాము చదువుతున్న తేదీ వేరనీ గుర్తుండాలి.

పత్రం నిర్మాణం కూడా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే అసలు సమాచారం వార్తాశీర్షికకు ఎక్కని వరుసలలోనే ఉంటుంది. ముందుగా కంపెనీ పేరు, కొన్నవారి పేరు, వారు ప్రమోటర్ల బృందానికి, అంటే కంపెనీని స్థాపించి నడిపించేవారి బృందానికి, చెందినవారా కాదా అన్నది ఉంటుంది. తరువాత కొనుగోలుకు ముందు ఉన్న వాటా, ఇప్పుడు కొన్న వాటా, ఆ తరువాత మొత్తం వాటా అని మూడు భాగాలు. ఒక్కొక్క భాగంలో మళ్లీ ఓటు హక్కున్న షేర్లు, తాకట్టు వంటి రూపంలో చేతికి వచ్చిన షేర్లు, వారంట్ల వంటి ముందుముందు షేర్లుగా మారగలిగినవి విడివిడిగా ఉంటాయి. శాతం కూడా రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి ఇప్పుడున్న మొత్తం షేర్ల మీద లెక్కగట్టినది, రెండోది వారంట్లన్నీ షేర్లుగా మారిపోతే ఏర్పడే మొత్తం మీద లెక్కగట్టినది. చివరన ఏ మార్గంలో కొన్నారన్నది, ఏ తేదీన కొన్నారన్నది ఉంటాయి.

ఈ వరుసలలో తాకట్టు వరుసను దాటి వెళ్లిపోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. షేర్లను తాకట్టుగా తీసుకోవడాన్ని కూడా నిబంధన కొనుగోలుగానే లెక్కిస్తుంది. బ్యాంకుల వంటి కొన్ని ఆర్థిక సంస్థలకు ఇందులో మినహాయింపు ఉన్నా, మినహాయింపు లేని రుణదాత గాని, రుణదాతల తరఫున తాకట్టును పట్టుకునే ట్రస్టీ కంపెనీ గాని 5 శాతం దాటితే ఇదే పత్రాన్ని పెడుతుంది. పేరు చూసి ఎవరో పెద్ద మదుపరి వచ్చాడనుకుంటాం. వాస్తవంలో జరిగినది ప్రమోటరు అప్పు చేయడం. శుభవార్తగా తోచినది ఒక్కోసారి అప్పు పత్రం కావడం నా ఉద్యోగ జీవితంలో కళ్లారా చూశాను.

మార్గం అన్న వరుస కూడా అంతే ముఖ్యం. బహిరంగ మార్కెట్లో కొన్న షేర్లకు చెల్లించిన డబ్బు అమ్మినవారికి వెళుతుంది, కంపెనీకి ఒక్క రూపాయి కూడా రాదు. ప్రిఫరెన్షియల్ కేటాయింపులో, అంటే ఎంచుకున్న కొందరికే షేర్లు ఇచ్చే పద్ధతిలో, కొత్తగా జారీ అయిన షేర్లకు చెల్లించిన డబ్బు కంపెనీ ఖజానాకు చేరుతుంది. శాతం రెండింటిలోనూ ఒకే విధంగా కనిపించవచ్చు గాని, కంపెనీ ఆర్థిక స్థితి మీద వాటి ప్రభావం పూర్తిగా వేరు.

ఇక త్రైమాసిక పట్టిక. దీన్ని అందరూ షేర్‌హోల్డింగ్ ప్యాటర్న్ అనే అంటారు. 2015 నాటి లిస్టింగ్ నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీ త్రైమాసికం ముగిసిన 21 రోజులలోగా దీన్ని ఎక్స్ఛేంజీకి సమర్పించాలి. మార్చి 31 నాటి పట్టిక ఏప్రిల్ 21 లోగా వస్తుంది. దానినే జూలై మధ్యలో చదివేవారు మూడున్నర నెలల నాటి చిత్రాన్ని చూస్తున్నారన్నమాట. ఇందులో ప్రమోటర్లు ఒక వైపు, ప్రజా వాటాదారులు మరో వైపు ఉంటారు. ప్రజా వాటాదారులు అనే మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ప్రమోటర్లు కాని మదుపరులంతా అందులోనే ఉంటారు కనుక, వేల కోట్లు నడిపే ఫండూ, యాభై షేర్లున్న గృహిణీ ఒకే శీర్షిక కింద కనిపిస్తారు. ఆ శీర్షిక లోపల సంస్థలు వేరుగా, సంస్థలు కానివారు వేరుగా విభజించి ఉంటారు. 1 శాతం గాని అంతకు మించి గాని ఉన్నవారి పేర్లు విడిగా ఇవ్వాలి.

ఈ 1 శాతం గీత దగ్గర కొంత సేపు ఆగాలి. గత త్రైమాసికంలో 1.05 శాతంతో కనిపించిన ఫండ్ పేరు ఈసారి కనిపించకపోతే, అది అంతా అమ్మేసుకుని వెళ్లిపోయిందని ప్రచారం మొదలవుతుంది. 0.98 శాతానికి తగ్గినా పేరు మాయమవుతుంది. ఇంకా విచిత్రమేమంటే, ఒక్క షేరు కూడా అమ్మకుండానే ఇది జరగవచ్చు. పది కోట్ల షేర్ల కంపెనీ క్యూఐపీ ద్వారా, అంటే పెద్ద సంస్థాగత మదుపరులకే షేర్లు అమ్మే పద్ధతిలో, మరో కోటి షేర్లు జారీ చేసిందనుకోండి, 60 లక్షల షేర్లున్న సంస్థ వాటా 6 శాతం నుంచి 5.45 శాతానికి దిగుతుంది. అదే కంపెనీ 50 లక్షల షేర్లను బైబ్యాక్ చేసి, అంటే తానే తిరిగి కొని, రద్దు చేసిందనుకోండి, బైబ్యాక్‌లో పాల్గొనని సంస్థకు 48 లక్షల షేర్లుంటే దాని వాటా 4.8 శాతం నుంచి 5.05 శాతానికి పెరుగుతుంది. అందుకే నేను ఎప్పుడూ శాతం కన్నా ముందు షేర్ల సంఖ్యను చూస్తాను. సంఖ్య మారకుండా శాతం మారితే, మారినది హారమే. అప్పుడు కంపెనీ ఎందుకు కొత్త షేర్లు జారీ చేసింది, ఎందుకు రద్దు చేసింది అన్నది అసలు ప్రశ్న అవుతుంది.

మరో కిటుకు కూడా ఉంది. ఒకే నిర్వహణ సంస్థ నడిపే విదేశీ నిధులు వేర్వేరు పేర్లతో, వేర్వేరు పాన్ నంబర్లతో నమోదై ఉండవచ్చు. ఒక్కొక్కదానికి 0.8 శాతం చొప్పున మూడు నిధులుంటే, పేర్ల జాబితాలో ఒక్కటీ కనిపించదు. జాబితాలో లేనంత మాత్రాన లేరని అనుకోకూడదు.

పేర్లు కనిపించినప్పుడైనా ఆ డబ్బు ఎవరిదో ఆలోచించాలి. మన కంపెనీల పట్టికలలో 'గవర్నమెంట్ ఆఫ్ సింగపూర్' అనీ, నార్వే దేశపు 'గవర్నమెంట్ పెన్షన్ ఫండ్ గ్లోబల్' అనీ పేర్లు కనిపిస్తుంటాయి. అవి ఆ దేశాల పొదుపును, చమురు ఆదాయాన్ని ప్రపంచమంతటా వేలాది కంపెనీలలో పరిచి పెట్టే నిధులు. ఒక దేశ ప్రభుత్వం మన ఊరి కంపెనీని మెచ్చి ఎంచుకుందని దాని అర్థం కాదు. అదేవిధంగా సూచీ ఫండ్లు. ఒక కంపెనీ 50 పెద్ద కంపెనీల సూచీ అయిన నిఫ్టీ 50లో చేరితే, ఆ సూచీని అనుసరించే ప్రతి ఫండూ దానిని కొని తీరాలి, తొలగిస్తే అమ్మి తీరాలి. మన భవిష్యనిధి సంస్థ కూడా 2015 నుంచి ఈటీఎఫ్‌ల ద్వారా, అంటే ఎక్స్ఛేంజీలో షేర్లలాగే కొని అమ్మే ఫండ్ల ద్వారా, ఇదే దారిలో షేర్లలో మదుపు చేస్తోంది. ఇక్కడ కూర్చున్నవారిలో నెలనెలా సిప్ కట్టేవారు, జీతం నుంచి పీఎఫ్ కట్టేవారు ఎందరో ఉంటారు. సంస్థాగత మదుపరి అని మనం భయంగానో భక్తిగానో చూసే ఆ వరుసలో ఉన్నది కొంత మీ డబ్బే. అందువల్ల ఆ సంస్థ ఓటు ఎలా వేసిందన్నది అడిగే హక్కు కూడా మీకు ఉంది. 2022 ఏప్రిల్ నుంచి మ్యూచువల్ ఫండ్లు తమ వాటాలున్న కంపెనీల తీర్మానాలన్నింటి మీదా తప్పనిసరిగా ఓటు వేయాలి, ఎలా వేశాయో వెల్లడించాలి కూడా.

ఓటు మాట వచ్చింది కనుక, శాతాలకు ఉన్న బలం గురించి చెబుతాను. నా దృష్టిలో ఈ పత్రాలను చదవవలసిన ముఖ్య కారణం రేపటి ధర కాదు, కంపెనీలో ఎవరి మాట చెల్లుతుందన్నది. కంపెనీల చట్టం ప్రకారం ఓటు హక్కులో 10 శాతం ఉన్నవారు అసాధారణ సర్వసభ్య సమావేశం పెట్టమని బోర్డును కోరవచ్చు. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే అనుకూలంగా పడిన ఓట్లు వ్యతిరేకంగా పడినవాటికి మూడు రెట్లుండాలి, కనుక పోలైన ఓట్లలో నాలుగో వంతుకు మించి చేతిలో ఉన్నవారు దాన్ని ఆపగలరు. టేకోవర్ నిబంధనలలో కూడా 25 శాతానికి చేరినవారు మిగిలిన వాటాదారులకు కనీసం 26 శాతం షేర్ల మేరకు ఓపెన్ ఆఫర్, అంటే వారి షేర్లు కొంటామన్న బహిరంగ ప్రతిపాదన, ఇవ్వాలన్న షరతు ఉన్నది ఈ బలాన్ని గుర్తించినందుకే. జీ ఎంటర్‌టైన్‌మెంట్ పట్టికను 2021లో చదివినవారికి ప్రమోటర్ల వాటా సుమారు 4 శాతమేననీ, ఇన్వెస్కో అనే అమెరికా పెట్టుబడి సంస్థ నిధుల వాటా దాదాపు 18 శాతమనీ కనిపించేది. ఆ సెప్టెంబరులో ఇన్వెస్కో సమావేశం పెట్టమని, మేనేజింగ్ డైరెక్టరును తొలగించమని కోరినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. వివాదం బొంబాయి హైకోర్టు దాకా వెళ్లింది. 2022 మార్చిలో డివిజన్ బెంచి తీర్పు తనకు అనుకూలంగా వచ్చాక ఇన్వెస్కో ఆ కోరికను విరమించుకుంది. కుటుంబం పేరు మీద నడిచే కంపెనీలో కుటుంబానికి ఉన్న ఓటు బలం ఎంతన్నది ఆ పట్టిక అంతకు ముందు నుంచే చెబుతూనే ఉంది.

మన హైదరాబాదు అనుభవం ఇంతకన్నా లోతైనది. ఐటీ సంస్థ సత్యం కంప్యూటర్స్‌లో 2008 నాటికి ప్రమోటర్ల వాటా 10 శాతం లోపే. ఆ డిసెంబరు 16న మేటాస్ పేరుతో ఉన్న రెండు కుటుంబ కంపెనీలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొనాలని బోర్డు నిర్ణయించినప్పుడు, సంస్థాగత మదుపరులు తిరగబడడంతో కొన్ని గంటలలోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటాల పట్టికలో ఉన్న బలం అంత త్వరగా పనిచేయడం మన తెలుగువారు చూడడం బహుశా అదే మొదటిసారి. అయితే పట్టిక చెప్పని సంగతి మరొకటి ఉంది. ప్రమోటర్లకు మిగిలిన ఆ కొద్దిపాటి వాటా కూడా అప్పులకు తాకట్టులో ఉంది, రుణదాతలు దాన్ని అమ్ముకోగలిగే స్థితిలో ఉన్నారు. ఈ విషయం బయటికి వచ్చినది ఆ డిసెంబరు చివరిలో. 2009 జనవరి 7న, లెక్కలను తప్పుగా చూపామని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, ప్రమోటర్ల వాటా తక్కువ కనుక పనితీరు బాగాలేదని తెలిస్తే కంపెనీని ఇతరులు చేజిక్కించుకుంటారేమో, అప్పుడు లెక్కలలోని లోటు బయటపడుతుందేమో అన్న భయం గురించి కూడా ఉంది. ఆ నెలలోనే సెబీ ప్రమోటర్ల తాకట్టు వివరాలను వెల్లడించాలని నిబంధన తెచ్చింది.

ఈరోజు మీరు త్రైమాసిక పట్టికలో తాకట్టు అన్న నిలువు వరుసను చూస్తున్నారంటే, అది హైదరాబాదులో వేలాది ఉద్యోగులు, లక్షలాది చిన్న మదుపరులు పడిన వేదన నుంచి పుట్టిన వరుస. దాన్ని చదవకుండా దాటి వెళ్లేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. 2019 అక్టోబరు నుంచి నిబంధన ఇంకాస్త బిగిసింది. ప్రమోటర్ల వాటాలో సగానికి గాని, కంపెనీ మొత్తం మూలధనంలో 20 శాతానికి గాని తాకట్టు చేరితే, ఆ డబ్బు ఎందుకు అవసరమైందో కారణాలతో సహా చెప్పాలి.

పత్రం మీద ఉన్న పేరు వెనుక అసలు యజమాని ఎవరన్న ప్రశ్న విదేశీ నిధుల విషయంలో చాలాకాలం తేలలేదు. 2023 ఆగస్టులో సెబీ ఒక మెట్టు ముందుకు వేసింది. తమ భారతీయ ఈక్విటీ పెట్టుబడిలో సగానికి మించి ఒకే వ్యాపార గ్రూపులో పెట్టిన విదేశీ నిధులు గాని, భారతీయ ఈక్విటీ పెట్టుబడి మొత్తం 25,000 కోట్ల రూపాయలు దాటిన విదేశీ నిధులు గాని, కొన్ని మినహాయింపులకు లోబడి, తమ వెనుక ఉన్న అసలు యజమానుల వివరాలను చివరి వ్యక్తి దాకా ఇవ్వాలని ఆదేశించింది. రెండో పరిమితిని 2025లో 50,000 కోట్లకు పెంచారు. ఈ వివరాలు వెళ్లేది నియంత్రణ వ్యవస్థకు, మన ముందున్న పట్టికలోకి కాదు.

చివరిగా అమెరికా పద్ధతిని ఒక్క కారణం కోసం ప్రస్తావిస్తాను. అక్కడ 1968 నాటి విలియమ్స్ చట్టం కింద 5 శాతం దాటినవారు పత్రం పెట్టాలి, అయితే రెండు రకాల పత్రాలున్నాయి. కంపెనీ నడక మీద ప్రభావం చూపే ఉద్దేశం ఉన్నవారిది 13డి, ఆ ఉద్దేశం లేనివారిది 13జి. ఇలాన్ మస్క్ 2022 ఏప్రిల్ 4న ట్విటర్‌లో 9 శాతానికి పైగా వాటా ఉందని 13జి పెట్టి, మరునాడే దాన్ని 13డిగా మార్చారు. మొదటి పత్రమే మార్చి 24 లోగా రావలసిందనీ, ఆలస్యమైన రోజులలో తక్కువ ధరకు కొన్నందువల్ల ఆయనకు కనీసం 15 కోట్ల డాలర్లు కలిసివచ్చాయనీ ఆరోపిస్తూ అక్కడి నియంత్రణ సంస్థ 2025 జనవరిలో దావా వేసింది. గడువు అన్నది ఎంత విలువైనదో ఆ ఒక్క అంకె చెబుతుంది. మన నిబంధనలో గడువు రెండు పనిదినాలే. ఈ విషయంలో మనది కచ్చితంగా మెరుగైన పద్ధతి. 2024 ఫిబ్రవరి దాకా అక్కడ 13డికి పది రోజుల గడువు ఉండేది, ఇప్పుడు అయిదు పనిదినాలు.

అయితే వారి దగ్గర ఉండి మన దగ్గర లేనిది, ఎందుకు కొన్నారన్న ప్రశ్న. మన 5 శాతం పత్రం ఎంత కొన్నారు, ఏ మార్గంలో కొన్నారు, ఎప్పుడు కొన్నారు అని అడుగుతుంది గాని, ఏ ఉద్దేశంతో కొన్నారని అడగదు. బోర్డులో స్థానం కోరబోతున్న నిధీ, సూచీని అనుసరించి యాంత్రికంగా కొన్న నిధీ మన పత్రంలో ఒకేలా కనిపిస్తాయి. మా మామయ్యగారి వంటి చదువరి ఆ ఖాళీని తన ఊహతో నింపుకోవలసి వస్తుంది. ఈ మార్పు రావాలని నేను కోరుకుంటున్నాను, అవకాశం దొరికిన ప్రతి వేదిక మీదా అడుగుతున్నాను. పత్రంలో దానికి చోటు కూడా ఉంది. ఏ మార్గంలో కొన్నారన్న వరుసకూ ఏ తేదీన కొన్నారన్న వరుసకూ మధ్య మరొక్క వరుస చేరిస్తే సరిపోతుంది.